సంజీవదేవ్ బొమ్మలను అచ్చేయండి

అయ్యా,

తెనాలి దగ్గర తుమ్మపూడిలో 1914లో పుట్టిన సంజీవదేవ్ బొమ్మలు వేయడం తనంతట తానే నేర్చుకున్నారు. యవ్వనంలో హిమాలయాల బాట పట్టి, కులూ లోయలోని నగ్గర్‌లో రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ దగ్గర కొన్నాళ్లు ఉన్నారు. ఆ కొండలు ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

ఓ మిత్రుడి ఇంట్లో ఆయన బొమ్మ ఒకటి చూశాను. అరచేతికన్నా కాస్త పెద్దది, అంతే. ఊదారంగు కొండలు, వాటి మీద పల్చటి పసుపు వెలుగు. మనిషి జాడ లేదు. చుట్టూ వరిచేలున్న ఊళ్లో కూర్చుని వేశారంటే నమ్మబుద్ధి కాదు! (మంగళగిరి కొండ ఉందిగా అంటారేమో, అది వేరే సంగతి.)

1999లో పోయిన ఆయన్ని మనం వ్యాసకర్తగానే తలుచుకుంటున్నాం. మీ ఆదివారం సంచికలో నెలకో బొమ్మ రంగుల్లో వేయండి.

– ఒక పాఠకుడు, తెనాలి