సీజన్ మారుతోంది, ఆదివారం గేర్ చెక్

అందరికీ హాయ్,

ఎండాకాలం కైట్‌సర్ఫింగ్ (గాలికి కైట్ లాగుతుంటే బోర్డు మీద నీళ్లపై తిరగడం) సెషన్లు అయిపోవచ్చాయి, ఇక చలిగాలి మొదలవుతుంది. ఈ ఆదివారం పొద్దున 8కి బీచ్‌లో కలుద్దాం. కైట్, దాన్ని చేత్తో నడిపే బార్, లైన్లు (తాళ్లు), నడుముకు కట్టుకునే హార్నెస్ అన్నీ తెచ్చుకోండి.

ఇన్నాళ్లూ నేల వేడెక్కి మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి నిలకడగా వీచేది కదా, పెద్ద కైట్ వేసుకుని హాయిగా తిరిగాం, చలిలో అలా ఉండదు, చల్లగాలికి సాంద్రత ఎక్కువ కాబట్టి గాలి వేగం కొలిచే మీటర్‌లో అదే 18 నాట్లు చూపించినా లాగుడు గట్టిగా ఉంటుంది, పైగా ఉన్నట్టుండి గస్ట్‌లు (ఒక్కసారిగా పెరిగే గాలి) వస్తాయి. అందుకే రోజూ 12 చదరపు మీటర్ల కైట్ వేసేవాళ్లు చిన్న సైజు కూడా దగ్గర పెట్టుకోండి.

వెట్‌సూట్ ఎండను చూసి కాదు, నీళ్ల చల్లదనాన్ని చూసి వేసుకోండి. 3/2 (ఒంటి దగ్గర 3, చేతులు కాళ్ల దగ్గర 2 మి.మీ. మందం) సరిపోతుందనిపించినా 4/3 ఉంటే తెచ్చుకోండి.

చేతులు మొద్దుబారితే క్విక్ రిలీజ్ (ప్రమాదంలో కైట్ లాగుడును వెంటనే ఆపేది) లాగడమే కష్టం, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం, ఆదివారం ప్రతి ఒక్కరూ గ్లవ్స్‌తో ఒకసారి లాగి చూడాల్సిందే.

మళ్లీ చెప్తున్నా, ఒడ్డు నుంచి సముద్రంలోకి గాలి వీచే రోజు ఎవరూ దిగొద్దు, ఒంటరిగా అసలే వద్దు.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోపు ఇక్కడే చెప్పేయండి ప్లీజ్.