చిన్న జెట్‌లో చేతిబ్యాగు పడుతుందో లేదో టికెట్ మీదే చెప్పాలి

సంపాదకుల వారికి,

గంట, గంటన్నర దేశీయ ప్రయాణాలకు యాభై సీట్ల చిన్న జెట్లు నడిపే విమాన సంస్థలు సీటు నంబరు, గేటు నంబరు, తలుపు మూసే సమయం అన్నీ ముందే చెబుతాయి. మన చేతిబ్యాగు ఆ విమానం పైఅరలో పడుతుందా అన్న ఒక్కటి మాత్రం చెప్పవు. ఆ సంగతి విమానం మెట్ల దగ్గర, వెనక ముప్పై మంది నిలబడి ఉన్నప్పుడు తెలుస్తుంది. ఇబ్బంది మాట అలా ఉంచినా, ఇందులో నిప్పు భయం ఉంది.

సంస్థలు తమ నిబంధనల్లో చేతి సామానుకు ఒకే కొలత రాసుకుంటాయి. దాదాపు అంతటా పొడవు 55 సెంటీమీటర్లు, మిగతా రెండు కొలతల్లో కొద్ది తేడాలు. ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 లాంటి విమానాలకు అది సరిపోతుంది. యాభై సీట్ల చిన్న జెట్ అయిన ఎంబ్రేయర్ ఈఆర్‌జే-145 లోపలి వెడల్పు 2.1 మీటర్లే. నడవలో ఎత్తు 1.82 మీటర్లు, ఆరడుగుల మనిషి తల వంచాల్సిందే. సీట్లు ఒక పక్క ఒకటి, మరో పక్క రెండు. సామాను అర రెండు సీట్లున్న వైపే ఉంటుంది. అలాంటిదే మరో జెట్ సీఆర్‌జే-200లో అటు రెండు, ఇటు రెండు సీట్లున్నా అరల లోతు తక్కువ, చక్రాల బ్యాగు పెడితే తలుపు మూసుకోదు. ఇది వాటి పుట్టుకతో వచ్చిన గుణం. మొదటిది బ్రసీలియా అనే చిన్న టర్బోప్రాప్ (ఇంజిన్ తిప్పే రెక్కలతో నడిచే) విమానం గొట్టాన్ని సాగదీసి చేసినది, రెండోది చాలెంజర్ అనే బిజినెస్ జెట్‌ను పొడిగించినది. అదే ఎంబ్రేయర్ తర్వాత తెచ్చిన ఈ175లో వెడల్పు 2.74 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు. మామూలు చక్రాల బ్యాగులు చాలావరకు అందులో పడతాయి. ఒకే విమాన సంస్థ, ఒకే దారి, ఒకే టికెట్. ఆ పూట ఏ విమానం వచ్చి నిలబడిందన్న దాన్ని బట్టి బ్యాగు గతి మారిపోతుంది.

పైఅరలో పట్టని బ్యాగుకు గేటు దగ్గరో మెట్ల దగ్గరో ట్యాగ్ కట్టి, వెనక ఉన్న లగేజీ గదిలో వేస్తారు. అసలు చిక్కు ఇక్కడే. చేతిబ్యాగు తన దగ్గరే ఉంటుందన్న నమ్మకంతో ప్రయాణికుడు అందులో పవర్‌బ్యాంక్, కెమెరా విడి బ్యాటరీలు, ఈ-సిగరెట్ సర్దుకుని ఉంటాడు. అవి ప్రయాణికులుండే క్యాబిన్‌లోనే ఉండాలి, లగేజీ గదిలోకి వెళ్లకూడదన్నది అంతర్జాతీయ నియమం. ట్యాగ్ పడిన క్షణం నుంచి చేతిబ్యాగుకూ ఆ నియమం వర్తిస్తుంది.

కారణం కూడా చెప్పాలి. వీటిలో ఉండే లిథియం బ్యాటరీలో ఒక సెల్ లోపల షార్ట్ అయితే అది తన వేడిని తానే పెంచుకుంటూ పోయి, మండే వాయువులు చిమ్మి, పక్క సెల్‌ను అంటిస్తుంది. లగేజీ గదిలో పొగను పసిగట్టే పరికరాలు, మంటలార్పే హాలాన్ వాయువు ఉంటాయి. హాలాన్ మంటను అణచగలదు కానీ సెల్‌ను చల్లార్చలేదు. చల్లార్చాలంటే నీళ్లు పోయాలి. క్యాబిన్‌లోనైతే పొగ కనబడగానే ఎవరో ఒకరు కేకేస్తారు, సిబ్బంది నీళ్లు కుమ్మరిస్తారు. గాల్లో ఉండగా వెనక గదిలోని బ్యాగు దగ్గరికి చేరేదెవరు?

మరి మెట్ల దగ్గర పవర్‌బ్యాంక్ తీశారా అని అడిగేదెవరు? చాలా దేశాల్లో యాభై సీట్లకు ఒక క్యాబిన్ సిబ్బంది ఉంటే చాలు. ఆ ఒక్కరే తలుపు దగ్గర స్వాగతం చెప్పాలి, అరలు సర్దాలి, అత్యవసర ద్వారం పక్కన కూర్చున్నవారికి సూచనలివ్వాలి. కింద ట్యాగ్ కట్టే మనిషి కళ్లు గడియారం మీద ఉంటాయి. అడిగినా, ఎండలోనో వానలోనో నేల మీద బ్యాగు విప్పి బట్టల అడుగున పవర్‌బ్యాంక్ వెతకడానికి ఎవరికి ఓపిక? ‘లేదండీ’ అనేసి మెట్లెక్కుతారు. అబద్ధమాడేలా ఏర్పాటు చేసి ప్రయాణికుణ్ణి తప్పుపట్టడం న్యాయం కాదు.

ఆలస్యం సంగతీ ఇందులోదే. ఇరవై బ్యాగులు, ఒక్కోటి ఎనిమిది కిలోలు అనుకుంటే 160 కిలోలు క్యాబిన్ నుంచి తోకవైపు చేరాయి. మొత్తం బరువు పెరగలేదు, చోటు మారింది. ఈ రెండు విమానాల్లోనూ ఇంజిన్లు వెనకే ఉంటాయి కాబట్టి గరిమనాభి, అంటే విమానం బరువంతా సమతూగే బిందువు, హద్దులో ఉందో లేదో చూసి, బరువుల లెక్క రాసే లోడ్ షీట్ మళ్లీ సరిచేశాకే కదలాలి. ఒక్కోసారి ఇద్దరు ముగ్గుర్ని ముందు వరుసలోకి మారమనేది అందుకే. ఖాళీ సీటు కనబడింది కదా అని టేకాఫ్‌కు ముందు ఎవరికి వారు మారడం కూడా అందుకే కూడదు. ఎన్ని బ్యాగులు వెనక్కి వెళ్తాయో చెక్-ఇన్ దగ్గరే తేలితే ఈ లెక్క తలుపు మూసే వేళకు మళ్లీ మొదలుకాదు.

పౌర విమానయాన నియంత్రణ సంస్థలు సీట్ల సంఖ్యతో పాటు పైఅరలో పట్టే బ్యాగు కొలతను టికెట్ మీద, బోర్డింగ్ పాస్ మీద ముద్రించేలా సంస్థలను ఆదేశించాలి. ఆఖరి నిమిషంలో విమానం మారితే ఫోన్‌కు సందేశం పంపాలి. ట్యాగ్ కట్టే పని మెట్ల దగ్గర కాకుండా, బల్లలు, కుర్చీలు ఉన్న గేటు దగ్గరే, బోర్డింగ్ మొదలయ్యే ముందు జరగాలి. ట్యాగ్‌లలోనూ రెండు రకాలున్నాయి. ఒకటుంటే దిగిన చోట విమానం పక్కనే బ్యాగు ఇచ్చేస్తారు, రెండోదుంటే చివరి గమ్యంలో బెల్టు మీద వస్తుంది. మధ్యలో విమానం మారేవారు తేడా తెలియక మెట్ల దగ్గర పావుగంట నిలబడి, ఎక్కాల్సిన విమానం అందుకోలేకపోతున్నారు. రెండింటికీ రెండు రంగులు పెట్టడం పెద్ద ఖర్చేమీ కాదు.

అంతవరకూ ప్రయాణికులు చేయగలిగింది ఒకటుంది. పవర్‌బ్యాంక్, విడి బ్యాటరీలు, మందులు, తాళాలు, కాగితాలు ఒక చిన్న సంచిలో వేసి బ్యాగులో అన్నింటికన్నా పైన పెట్టుకుంటే, అడగ్గానే అర నిమిషంలో తీసుకోవచ్చు. విడి బ్యాటరీల కొనలకు టేపు అంటించాలి. పవర్‌బ్యాంక్ మీద మిల్లీయాంప్ అవర్లే రాసి ఉంటే ఆ అంకెను 3.7తో గుణించి వెయ్యితో భాగించండి, వాట్ అవర్లు వస్తాయి. 20,000 అంటే 74. వంద వరకు మామూలుగా అనుమతిస్తారు, వంద దాటి 160 వరకు సంస్థ ఒప్పుకోవాలి, ఆపైన ఉన్న పవర్‌బ్యాంక్‌ను విమానంలోకే రానివ్వరు. ఛార్జింగ్ బ్యాటరీ అమర్చిన ‘స్మార్ట్’ పెట్టెలు కొనేవారు ఆ బ్యాటరీ ఊడివస్తుందో లేదో దుకాణంలోనే చూసుకోవాలి. ఊడిరానిదైతే ఆ పెట్టె చిన్న జెట్ పైఅరలోనూ పట్టదు, వెనక గదిలోకీ తీసుకోరు.

ఇట్లు,
ఒక పాఠకుడు