దిండులో ఉన్నది బూరుగు దూదేనా?

సంపాదకులకు నమస్కారములు.

గత నెలలో మా పట్టణంలోని ఒక దుకాణంలో బూరుగు దూది దిండ్లని చెబితే రెండు కొన్నాను. వారం తిరగకముందే తల ఆనించే చోట వేడెక్కి చెమట పడుతుండటంతో అనుమానం వచ్చి, ఒక మూల కుట్టు విప్పి, చిటికెడు దూది తీసి అగ్గిపుల్ల అంటించాను. బూరుగు దూది అయితే భగ్గున మండి బూడిద కావాలి. ఇది ముడుచుకుపోయి, కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగిలింది, అంటే పాలియెస్టర్. వెళ్లి అడిగితే, "దూది ఏదైతేనేమండీ, మెత్తగా ఉంది కదా" అన్నాడు దుకాణదారుడు. ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక ఆ మాటకు జవాబు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

పత్తినీ బూరుగునూ మనం ఒకే మాటతో దూది అంటాం గానీ, అవి పుట్టే చోటే వేరు. పత్తి పోగు గింజ తోలు మీద మొలుస్తుంది. అందుకే గింజను విడదీయడానికి జిన్నింగు మిల్లు కావాలి. బూరుగు దూది కాయ లోపలి గోడ నుంచి పుడుతుంది, గింజలు అందులో విడిగా దొర్లుతుంటాయి. ఎండిన కాయను పగలగొట్టి, దూదిని కర్రతో కొడితే గింజలు రాలిపోతాయి. పత్తి పోగు ఎండినప్పుడు నొక్కుకుపోయి, మెలికలు తిరిగి, ఒకదానికొకటి పెనవేసుకుంటుంది కాబట్టి నూలు వడకగలుగుతున్నాం. బూరుగు పోగుకు మెలిక లేదు, పైగా నున్నన. పట్టుకుంటే జారిపోతుంది, ఒంటరిగా వడికితే తెగిపోతుంది. కాయ పండుతుందని కాచుకు కూర్చున్న చిలుకకు చివరికి గాలిలో ఎగిరిపోయే దూది దక్కిన కథ చెప్పి, మన పెద్దలు కూడా ఆ చెట్టును ఫలితం లేని ఆశకు గుర్తుగా నిలబెట్టారు. చిలుక సంగతి ఏమో గానీ, చెట్టుకు అన్యాయం జరిగిందనే నాకు తోస్తుంది.

ఎందుకంటే వడకడానికి పనికిరాని ఆ నిర్మాణంలోనే దాని ఉపయోగాలన్నీ ఉన్నాయి. తెల్ల బూరుగు పోగు పలుచని గోడలున్న గొట్టం. దాని పరిమాణంలో దాదాపు 80 శాతం గాలే. పైన సహజమైన మైనపు పూత ఉండటం వల్ల నీరు అంత సులభంగా లోపలికి చొరబడదు. లోపల నిలిచిన గాలి చలినీ వేడినీ అడ్డుకుంటుంది, తేలిక కాబట్టి దిండు పొంగి ఉంటుంది, అణిగినా నాలుగు గంటలు ఎండలో వేసి దులిపితే మళ్లీ తేరుకుంటుంది. తమిళనాడులోని తేని జిల్లా బోడి ప్రాంతంలో దీన్ని ఇలవం పంజు అంటారు. అక్కడ దిండ్లకూ పరుపులకూ దీన్ని ప్రత్యేకమైన సరుకుగా చూస్తారు గానీ ఏదో ఒక దూదిగా చూడరు.

లోపల గాలి నిండి, నీరు చొరబడని ఈ గుణమే ఒకప్పుడు నావికుల ప్రాణాలు కాపాడింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నీటిపై తేల్చే కోట్లలో నింపింది బూరుగు దూదినే. ఆ దూది అధికంగా వచ్చే జావా 1942లో జపాను చేతికి చిక్కడంతో అమెరికాకు సరఫరా ఆగిపోయింది. అప్పుడు వాళ్లు పొలం గట్ల మీద కలుపుగా పెరిగే, మన జిల్లేడుకు దగ్గరి బంధువైన ఒక పాలమొక్క కాయలను బడిపిల్లల చేత ఏరించారు. రెండు గోతాల కాయలు ఒక ప్రాణాన్ని కాపాడతాయని ప్రచారం చేసి, మిషిగన్ రాష్ట్రంలోని పెటోస్కీలో ఆ దూదిని వేరుచేసే కర్మాగారం నడిపారు. ఇటీవలి కాలంలో కెనడాలోని క్యుబెక్ రైతులు కొందరు అదే మొక్కను పంటగా వేసి, దూదిని చలికోట్ల లోపలి పొరకు అమ్మారు. మనమేమో రథసప్తమి నాడు ఏడు ఆకులు కోసుకోవడానికి తప్ప జిల్లేడు వైపు తిరిగి చూడం.

నీటిని దూరం పెట్టే ఆ మైనం నూనెను మాత్రం ఆహ్వానిస్తుంది. బూరుగు దూది తన బరువుకు ఎన్నో రెట్లు నూనెను పీల్చుకుని నీటిపై తేలుతూనే ఉంటుందని ప్రయోగశాలల్లో పదే పదే తేలింది. 2017 జనవరిలో చెన్నై సమీపంలోని ఎన్నూరు వద్ద రెండు ఓడలు ఢీకొని చమురు తీరానికి కొట్టుకొచ్చినప్పుడు, మత్స్యకారులూ విద్యార్థులూ బకెట్లతో ఎత్తిపోసిన దృశ్యాలు మీ పాఠకులకు గుర్తుండే ఉంటాయి. అంతటి చమురును దూదితో తీసేయవచ్చని నేను అనను. చేపల రేవుల్లో పడవల చుట్టూ తేలే డీజిలు తెట్టునైనా గుడ్డ సంచుల్లో కుక్కిన ఈ దూదితో తీసి చూడవచ్చు కదా అన్నదే నా ఆలోచన.

లోపాలూ లేకపోలేదు. ఇది చాలా త్వరగా అంటుకుంటుంది కాబట్టి దీపాలకూ పొయ్యికీ దూరంగా ఉంచాలి. నింపేటప్పుడు సన్నని నుసి లేస్తుంది, పనివారు ముక్కుకు గుడ్డ కట్టుకోక తప్పదు. ఏళ్లు గడిచేకొద్దీ పోగులు విరిగి దిండు పలచబడుతుంది. ఇవన్నీ తెలిసి పాలియెస్టరే మేలనుకునేవారు నిక్షేపంగా అదే కొనుక్కోవచ్చు. ఉతకడానికి అది సులువు కూడా. కానీ బూరుగు దూది ధర పుచ్చుకుని పాలియెస్టర్ ఇవ్వడం వ్యాపారం కాదు.

కాబట్టి దిండ్లు, పరుపుల గలేబు లోపల నింపినది ఏమిటో, కలిపి ఉంటే ఏది ఎంత పాళ్లో, బయట తెలుగులో ముద్రించేలా రెండు రాష్ట్రాల పౌర సరఫరాల, తూనికలు కొలతల శాఖలు ఆలోచించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అంతవరకు కొనేవారు దుకాణంలోనే ఒక మూల కుట్టు విప్పి చూపమని అడగాలి. నేను అడగకపోవడం నా తప్పే. ఆ రెండు దిండ్లూ ఇప్పుడు మా వరండాలోని కుర్చీల్లో ఉన్నాయి.

భవదీయుడు,
ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
ఏలూరు.