వార్షిక నివేదిక: ఇంటర్వ్యూ కంగారును ఎదుర్కోవడంలో మన సంఘం ఈ ఏడాది చేసిన పని

గౌరవనీయులైన సభ్యులందరికీ నమస్కారం.

గత వార్షిక సమావేశంలో మీరు కార్యవర్గానికి ఒక పని అప్పగించారు. ఉద్యోగ ప్రయత్నాల్లో ఉన్న మన సభ్యులు, వారి పిల్లలు చదువులోనూ పనితనంలోనూ ఎవరికీ తీసిపోకపోయినా, ఇంటర్వ్యూ గదిలో అడుగుపెట్టగానే నోట మాట రాక నిరాశతో తిరిగి వస్తున్నారని, సంఘం తరఫున ఏదైనా చేయాలని ఆనాడు పలువురు కోరారు. ఈ ఏడాది మన సమయంలోనూ శ్రమలోనూ ఎక్కువ భాగం దీనికే వెచ్చించినందువల్ల ఈ నివేదికను పూర్తిగా ఆ పనికే పరిమితం చేస్తున్నాను. మిగిలిన కార్యక్రమాల వివరాలను సహ కార్యదర్శి, జమాఖర్చులను కోశాధికారి విడిగా సమర్పిస్తారు.

మొదటి మూడు నెలల్లో చేసిన పని ఆశించిన ఫలితం ఇవ్వలేదని ముందుగానే చెప్పుకోవాలి. అనుభవజ్ఞుల చేత ఉపన్యాసాలు ఇప్పించాం. దాదాపు అన్నింటిలోనూ సారాంశం ఒక్కటే: భయపడకండి, ధైర్యంగా ఉండండి. విన్నవారు సంతోషంగానే వెళ్లారు కానీ, ఆ తరువాతి ఇంటర్వ్యూలో మళ్లీ అలాగే తడబడ్డారు. ఒక యువతి మాతో అన్న మాట మా పద్ధతినే మార్చింది. “భయపడొద్దని ఎవరైనా చెప్పినప్పుడల్లా, భయపడుతున్నందుకు సిగ్గు కూడా తోడవుతోందండీ” అని ఆమె అన్నారు. ఆ రోజు నుంచి కంగారును పోగొట్టడం మన లక్ష్యం కాదని, కంగారు ఉండగానే చెప్పదలచుకున్నది చెప్పగలిగేలా చేయడమే లక్ష్యమని కార్యవర్గం నిర్ణయించుకుంది.

అందుకు ముందు ఆ కంగారు ఎక్కడి నుంచి వస్తుందో అందరికీ అర్థమయ్యేలా చెప్పవలసి వచ్చింది. ప్రమాదం ఎదురైందని మెదడు భావించినప్పుడు శరీరం పోరాడటానికో పారిపోవడానికో సిద్ధమవుతుందని వాల్టర్ కానన్ అనే శాస్త్రవేత్త 20వ శతాబ్దం తొలి దశకాల్లోనే వివరించారు. అడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలై గుండె దడ పెరుగుతుంది, అరచేతులకు చెమట పడుతుంది, జీర్ణక్రియ మందగించి నోరు ఎండిపోతుంది. ఎదురుగా ఉన్నది పులి కాదు, బల్లకు అవతల కూర్చున్న ముగ్గురు మనుషులే అయినా శరీరం పెద్దగా తేడా చూపదు. తమను ఎవరో తూకం వేస్తున్నారన్న ఎరుకే దానికి చాలు.

ఈ సందర్భంలో చెప్పిన ఒక విషయం శిక్షణకు వచ్చినవారికి ఎక్కువ ఊరట కలిగించింది. మనుషుల్లో ఒత్తిడిని కొలవడానికి 1993లో జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక పరీక్షను ప్రకటించారు. ఆ పరీక్షలో కొద్ది నిమిషాలు సిద్ధమయ్యాక, ముఖంలో ఏ భావమూ చూపని న్యాయనిర్ణేతల ముందు నిలబడి, తాను ఒక ఉద్యోగానికి ఎలా తగినవాడో 5 నిమిషాలు మాట్లాడాలి. ఆ తరువాత 1022 నుంచి 13 చొప్పున పైకి చెబుతూ తీసివేస్తూ పోవాలి, తప్పితే మళ్లీ మొదటికి రావాలి. అంటే ఆరోగ్యవంతులలో కూడా ఒత్తిడి పుట్టించాలనుకున్న శాస్త్రవేత్తలు ఎంచుకున్న మార్గాలలో ఉద్యోగ ఇంటర్వ్యూ ఒకటన్నమాట. నేటికీ ఆ పరీక్ష విస్తృతంగా వాడుకలో ఉంది. తమ గుండె దడ తమ బలహీనతకు గుర్తు కాదని తెలిసినప్పుడు చాలామంది ముఖాలు తేటపడటం మేము కళ్లారా చూశాం.

అదే పరీక్ష మరో సంగతి కూడా నేర్పింది. ఎదుటివారి ముఖంలో స్పందన లేకపోవడం ఒత్తిడిని పెంచుతుంది. అసలు ఇంటర్వ్యూల్లో ప్యానెల్ సభ్యులు తల వంచుకుని రాసుకుంటూ, చిరునవ్వు లేకుండా ఉండటానికి తరచుగా కారణం, అభ్యర్థులందరినీ ఒకే రకమైన ప్రశ్నలడిగి, జవాబులను నమోదు చేసి మార్కులు వేయాలన్న నియమం. అలా చేయడం అభ్యర్థికి మేలు చేసేదే, ఎందుకంటే ఎవరికి తోచినట్టు వారు సాగించే ముచ్చట కంటే ఆ పద్ధతిలోనే న్యాయం జరిగే అవకాశం ఎక్కువ. ఆ మౌనం తిరస్కారం కాదని మా ప్రతి శిక్షణలోనూ చెబుతున్నాం.

నాలుగో నెల నుంచి నమూనా ఇంటర్వ్యూలు మొదలుపెట్టాం. ఇక్కడ మా వల్ల ఒక పొరపాటు జరిగింది. అసలు ఇంటర్వ్యూ కఠినంగా ఉంటుంది కాబట్టి నమూనా అంతకంటే కఠినంగా ఉండాలని భావించి, మొదటి విడతలోనే ముగ్గురు అపరిచితులను కూర్చోబెట్టి గుచ్చి గుచ్చి ప్రశ్నలు అడిగించాం. చాలా ఏళ్ల విరామం తరువాత ఉద్యోగం వెతుక్కుంటున్న ఒక సభ్యురాలు మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. మరునాడు అధ్యక్షులు, నేను వారింటికి వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాం. ఈత రానివారిని లోతు నీళ్లలోకి తోసి ఈత నేర్పామనుకోవడం లాంటి పని అది. తరువాత దాన్ని మూడు మెట్లుగా మార్చాం. మొదటిసారి తెలిసిన ఒక్క మనిషి ముందు, రెండోసారి తెలియని ఇద్దరి ముందు, మూడోసారి ముభావంగా ఉండే ముగ్గురి ముందు. ఒక మెట్టు మీద కాస్త నిలదొక్కుకున్నాకే తరువాతిది. ఆ సభ్యురాలు మళ్లీ వచ్చి మూడు మెట్లూ పూర్తి చేశారని, ఇప్పుడు కొత్తవారికి మొదటి మెట్టులో ఎదురుగా కూర్చుంటున్నది ఆమేనని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

సాధనలో మేము పట్టుబట్టినది ఒక్కటే. జవాబులు మనసులో అనుకోవడం కాదు, పైకి చెప్పాలి. మనసులో చక్కగా అమరిన వాక్యం నాలుక మీదికి వచ్చేసరికి చెదిరిపోతుందని మొదటిసారి ఇంటర్వ్యూ గదిలో తెలుసుకోకూడదు. అలాగని జవాబులను కంఠతా పట్టనివ్వలేదు. కంఠతా పట్టినవారు ఒక్క మాట మరచిపోతే మొత్తం దారం తెగిపోయి, బిక్కముఖం వేయడం మేము పదేపదే చూశాం. దానికి బదులు తమ పనిలోంచి ఐదారు అనుభవాలను ఎంచుకుని, అప్పటి పరిస్థితి ఏమిటి, తాము ఏం చేశారు, ఏం జరిగింది అనే వరుసలో ఎన్నిసార్లు అడిగినా కొత్త మాటలతో చెప్పగలిగేలా తయారు చేశాం. “మీ గురించి చెప్పండి” అనే మొదటి ప్రశ్నకు మాత్రం అన్నింటికంటే ఎక్కువ సాధన చేయించాం, ఎందుకంటే కంగారు సాధారణంగా ఆరంభంలోనే తీవ్రంగా ఉండి, మాట సాగిన కొద్దీ నెమ్మదిస్తుంది. ఆ మొదటి నిమిషాన్ని దాటించగలిగితే చాలావరకు గండం గడిచినట్టే.

గదిలో కూర్చున్నాక ఏం చేయాలన్నది ఎక్కువమంది అడిగిన ప్రశ్న. ఊపిరి పీల్చినదానికంటే వదలడం నిదానంగా, ఎక్కువసేపు ఉండేలా చూసుకోవాలని చెప్పాం. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగా కొద్దిగా తగ్గుతుంది కాబట్టి, ఎవరికీ కనబడకుండా చేయగల ఉపాయం ఇది. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనవచ్చు. జవాబు వెంటనే తట్టకపోతే “ఒక్క క్షణం ఆలోచించుకుని చెబుతానండీ” అనవచ్చు. ఈ చిన్న వాక్యం అనడానికి అనుమతి ఉందని తెలియక ఎంతోమంది నోటికొచ్చింది చెప్పి నష్టపోయారు. దాన్ని కూడా పైకి అనిపించి సాధన చేయించాం.

1998లో వెలువడిన ఒక పరిశోధనలో, మన లోపలి భావాలు ఎదుటివారికి నిజంగా కనిపించేదానికంటే ఎక్కువగా కనిపిస్తున్నాయని మనం పొరబడతామని తేలింది. దీన్ని మాటల్లో చెబితే ఎవరూ నమ్మలేదు. అందుకే వారి అనుమతితో నమూనా ఇంటర్వ్యూను వీడియో తీసి వారికే చూపించి, వెంటనే తొలగించాం. చేతులు విపరీతంగా వణికాయని అనుకున్నవారికి వీడియోలో ఆ వణుకు వెతికినా కనిపించలేదు. 2016లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం కూడా, అభ్యర్థి చిన్న చిన్న కంగారు చేష్టల కంటే మాటలో స్థిరత్వం, ఆత్మీయత ఎంత కనిపించాయన్నదే ముఖ్యం. చేతులు దాచుకోవడం మీద పెట్టే శ్రద్ధను ఎదుటివారి మాట వినడం మీద పెట్టమని దీని ఆధారంగానే సలహా ఇస్తున్నాం. అలాగే, కంగారును అణచివేయడానికి ప్రయత్నించే బదులు అది ఉత్సాహమేనని తమకు తాము చెప్పుకున్నవారు మెరుగ్గా మాట్లాడగలిగారని 2014లో హార్వర్డ్‌కు చెందిన ఒక పరిశోధకురాలు ప్రకటించారు. ఇది కొందరికి పనిచేసింది, కొందరు తమను తాము మోసం చేసుకున్నట్టుందన్నారు. అందువల్ల దీన్ని ఎవరి మీదా రుద్దలేదు.

ఒక అంశాన్ని పాఠాల నుంచి తొలగించాం. ఇంటర్వ్యూకు ముందు రెండు నిమిషాలు చేతులు చాచి గానీ, నడుం మీద పెట్టుకుని గానీ నిలబడితే హార్మోన్లే మారి ధైర్యం వస్తుందని మొదట్లో నేర్పాం. 2010లో ప్రచురితమైన ఆ ఫలితం 2015లో అంతకంటే పెద్ద అధ్యయనంలో నిలవలేదని, తొలి పరిశోధకులలో ఒకరు 2016లో ఆ ప్రభావం నిజమని తాను ఇక నమ్మడం లేదని బహిరంగంగా చెప్పారని తెలిశాక ఆపివేశాం. అలా నిలబడటం వల్ల నష్టం లేదు కానీ, హార్మోన్లు మారతాయని సంఘం పేరుతో హామీ ఇవ్వడం సరికాదు.

మందుల విషయంలో మాత్రం గట్టిగా చెప్పవలసి వచ్చింది. గుండె దడ తగ్గించే ప్రొప్రనొలాల్ మాత్రను స్నేహితుల దగ్గర తీసుకుని వేసుకున్నట్టు కొందరు చెప్పారు. ఉబ్బసం ఉన్నవారికి అది ప్రమాదకరం కావచ్చు. డాక్టరు చెప్పకుండా దాన్ని వాడవద్దని సభ్యులందరికీ మనవి. ఇంటర్వ్యూలకే కాక, మనుషులతో మాట్లాడవలసిన ప్రతి సందర్భానికీ బెదిరి ఇల్లు కదలని స్థితిలో ఉన్నవారికి మా శిక్షణ చాలదు. అటువంటివారు మనస్తత్వ నిపుణులను కలిసేలా తోడు వెళ్లాం. ఆలోచనా ధోరణిని మార్చే చికిత్సలు ఈ సమస్యకు బాగా పనిచేస్తాయి.

కుటుంబాలకు కూడా ఒక లేఖ రాశాం. ఇంటర్వ్యూకు బయలుదేరే గంటలో జాగ్రత్తలు చెప్పవద్దని, తిరిగి గడప తొక్కగానే “ఎలా చేశావు, వస్తుందా?” అని అడగవద్దని అందులో కోరాం. దాని వల్ల చాలా మేలు జరిగిందని శిక్షణ పొందినవారే చెప్పారు. అదే విధంగా తమ సంస్థల్లో ఇంటర్వ్యూలు చేసే స్థానాల్లో ఉన్న మన సభ్యులను, ఎంతసేపు పడుతుందో, ఎవరెవరు ఉంటారో అభ్యర్థులకు ముందే తెలియజేయమని, తేలికైన ప్రశ్నతో మొదలుపెట్టమని కోరాం. భారమంతా బల్లకు ఒకవైపున ఉన్నవారే మోయాలనడం న్యాయం కాదని నా అభిప్రాయం.

లోపాలు ఉన్నాయి. వీడియో కాల్ ద్వారా జరిగే ఇంటర్వ్యూలకు తగిన సాధన ఇవ్వలేకపోయాం. నత్తి ఉన్న సభ్యులకు ఏం చేయాలో ఆలస్యంగా గ్రహించాం. సంగతి మొదటే ప్యానెల్‌కు చెప్పి, అదనపు సమయం కోరడం కొందరికి తేలికనిచ్చింది కానీ, అది అందరూ చేయగలిగేది కాదు. పగలు పనిచేసేవారు రాలేని వేళల్లోనే శిక్షణ నడిచింది.

వచ్చే ఏడాది సాయంత్రపు విడతలు, వీడియో సాధన మొదలుపెట్టాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. దీనికి అన్నింటికంటే ముఖ్యంగా కావలసింది అవతల కూర్చునే మనుషులు. నెలకు రెండు సాయంత్రాలు ఇవ్వగలిగిన సభ్యులు, వారు ఏ రంగంలో ఉన్నా సరే, ఈ సమావేశం ముగిసేలోగా తమ పేర్లను నాకు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యవర్గం తరఫున, కార్యదర్శి