ముంపు జాబితాలో అద్దెకుండేవారి పేర్లు ముందే ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ మీదుగా పారే బుడమేరు వాగు కట్టల పటిష్ఠత గురించీ, మళ్లింపు కాలువ సామర్థ్యం పెంపు గురించీ పత్రికల్లో తరచుగా వార్తలు వస్తున్నాయి. అవి జరగవలసిన పనులే. మైలవరం వైపు కొండల నుంచి దిగే నీటిని వెలగలేరు దగ్గర మళ్లించి కృష్ణలో కలిపే ఏర్పాటు, కృష్ణకే పెను వరద వస్తే అక్కరకు రాదని 2024 సెప్టెంబరులో కళ్లారా చూశాం. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరిన ఆ వరదలో, మళ్లింపు కాలువ గట్టుకు గండ్లు పడి, నీరు సింగ్‌ నగర్‌, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేటల మీదికి వచ్చింది. అయితే కట్టలు ఎంత పెంచినా తేలని ప్రశ్న ఒకటుంది. నీళ్లు వచ్చిన రోజున ఏ ఇంట్లో ఎవరున్నారో ఎవరికి తెలుసు?

నేను సింగ్‌ నగర్‌లో పై అంతస్తులో ఉంటూ, కింది వాటాను ఒక ఆటో డ్రైవరు కుటుంబానికి అద్దెకిచ్చాను. సెప్టెంబరు 1, ఆదివారం నాడు నీళ్లు గుమ్మం దాటాక పైకి వచ్చినవారు నాలుగు రోజులు మాతోనే ఉన్నారు. నా వస్తువుల్లో తడిసింది స్కూటరు ఒక్కటే. వారి బియ్యం, ఫ్రిజ్‌, కుట్టు మిషను, పిల్లల పుస్తకాలు, బతుకుతెరువైన ఆటో బురదపాలయ్యాయి. ఇద్దరికీ పద్దెనిమిది మెట్ల తేడా, అంతే.

ఆ తేడాను ప్రభుత్వం కూడా గుర్తించి, కింది అంతస్తువారికి రూ.25,000, పై అంతస్తులవారికి రూ.10,000 ప్రకటించింది. కానీ నష్టం నమోదుకు వచ్చినవారు ఆధార్‌ అడిగితే, అందులో మా కిందివారి సొంతూరి చిరునామా ఉంది. అద్దె ఒప్పందం అడిగితే, అసలు లేదు. అది లేకపోవడానికి కారణం నేనే. ఇంటి పన్ను పెరుగుతుందేమోనన్న శంకతో కాగితం రాయని యజమానుల్లో నేనూ ఒకణ్ణి. నా పిరికితనానికి మూల్యం ఆ ఆటో డ్రైవరు చెల్లించారు; పేరు ఎక్కించుకోవడానికి మూడు రోజుల పని మానుకుని తిరిగారు.

అందుచేత నా సూచన ఇది. ఏటా మే నెలలో ప్రతి వార్డు సచివాలయమూ తన పరిధిలో ముంపు వీధుల జాబితా తయారు చేయాలి. కింది వాటాలో ఉండేవారెవరు, మంచం పట్టినవారెవరు, డయాలసిస్‌కు వెళ్లేవారెవరు, నెలలు నిండిన గర్భిణి ఏ ఇంట్లో ఉంది అన్నవి అందులో ఉండాలి. యజమాని కాగితం ఇచ్చినా ఇవ్వకపోయినా, పక్కింటివారి సాక్ష్యంతో అద్దెకుండేవారిని నమోదు చేసుకోవాలి. ఈ పని డ్వాక్రా సంఘాల మహిళలకు అప్పగిస్తే వారం రోజుల్లో పూర్తవుతుంది, ఎందుకంటే వీధిలో ఎవరు ఖాళీ చేశారో, ఎవరు కొత్తగా దిగారో వారికి తెలిసినంతగా ఏ దస్త్రానికీ తెలియదు. ఎండాకాలంలో రేకుల ఇళ్లలో ఒంటరిగా ఉండే వృద్ధులను వడదెబ్బ నుంచి కాపాడడానికీ ఇదే జాబితా పనికొస్తుంది.

జాబితాతో పాటు హెచ్చరిక కూడా వీధి దాకా రావాలి. వెలగలేరులో గేట్లు ఎత్తితే నీరు ఎన్ని గంటల్లో ఏ కాలనీకి చేరుతుందో మైకులో చెప్పాలి. క్యూసెక్కుల లెక్క చెబితే మాబోటివారికి ఏం అర్థమవుతుంది? 2024లో నీరు నిలిచిన ఎత్తును కరెంటు స్తంభాల మీద రంగుతో గుర్తించాలి. పడవలు కనీసం పెద్ద బడుల్లోనైనా సిద్ధంగా ఉంచాలి. ఆ రోజుల్లో ఆహార పొట్లాలు ఫ్లైఓవరుకు దగ్గరి వీధులకు ముందుగా చేరాయి, మా లోపలి సందులకు చీకటి పడ్డాక గానీ రాలేదు.

1977 దివిసీమ ఉప్పెన తర్వాత తీర గ్రామాల్లో తుపాను షెల్టర్లు కట్టారు, హెచ్చరిక వస్తే ఎక్కడికి వెళ్లాలో అక్కడివారికి తెలుసు. నగరాలకు అటువంటి అలవాటు లేదు. విపత్తు నిర్వహణ చట్టానికి 2025లో చేసిన సవరణ, నగరపాలక సంస్థలున్న నగరాలకు ప్రత్యేక విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థలను ఏర్పాటు చేసే వీలు కల్పించింది. విజయవాడకు అటువంటి సంస్థ పనిచేసేటప్పుడు, అందులో అధికారులతో పాటు ముంపు కాలనీల మహిళలకూ, అద్దెకుండేవారికీ స్థానం ఉండాలని కోరుతున్నాను.

మా కింది వాటాకు ఒప్పందం ఇప్పుడు స్టాంపు కాగితం మీద రాసి, నకలు ఆయనకిచ్చాను. ఆయన దాన్ని ప్లాస్టిక్‌ కవరులో పెట్టి, పిల్లల సర్టిఫికెట్లతో కలిపి మా ఇంట్లోనే, పైన అలమరలో దాచమన్నారు.

– ఒక పాఠకుడు,
అజిత్‌సింగ్‌ నగర్‌, విజయవాడ