గోలకొండ కవుల సంచిక లాంటిది ఇంకోటి కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మనిషి సంపాదించిన జ్ఞానమంతా ఇప్పుడు ఫోన్‌లోకి వచ్చేసింది, ఇక ఏదీ పోయే భయం లేదు అని మీ ఆదివారం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. రాయి, తాటాకు, కాగితం, 1450లలో గూటెన్‌బర్గ్ అచ్చు, కంప్యూటర్ అని వరుసగా బాగానే చెప్పుకొచ్చారు గానీ, వాటిలోకి ఎక్కింది ఎంత, ఎక్కకుండా మిగిలింది ఎంత అన్న మాటే రాలేదు. పైగా తాటాకు గ్రంథాలేమీ వాటంతట అవి బతకలేదు, పాతది పెళుసుబారేలోగా ఎవరో ఒకరు గంటం పట్టుకుని మళ్లీ రాస్తేనే మిగిలాయి. ఇరవై ఏళ్ల కిందటి పెళ్లి సీడీలు ఇప్పుడు ఎంతమంది ఇళ్లలో ఆడుతున్నాయో అడిగి చూడండి. ఎక్కడా ఎక్కకుండా మనుషుల చేతుల్లోనే మిగిలిన విద్యలను మీ పత్రికే అడిగి అచ్చు వేయాలని నా కోరిక.

మా నల్లగొండ పక్కనే పానగల్లు. మ్యూజియంలో శాసనాలున్నాయి, బయట ఉదయసముద్రం చెరువుంది. మన శాసనాల్లో ఎక్కువగా కనిపించేవి రాజు బిరుదులు, గుడికిచ్చిన భూమి, ఆ దానాన్ని చెడగొట్టినవాడికి తగిలే పాపం. కట్టకు ఏ మట్టి పోయాలి, తూము ఎక్కడ పెట్టాలి అని రాయించినవాళ్లు అరుదు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం అలాంటి అరుదైనది. మంచి చెరువుకు ఉండాల్సినవి 12, దోషాలు 6 అని లెక్కగట్టింది, వెయ్యి మంది కూలీలు రెండేళ్లు పనిచేశారని కూడా చెప్పింది. మిగతా చోట్ల ఆ విద్యంతా మట్టిపని చేసినవాళ్ల దగ్గరే ఉండిపోయి, తండ్రి పక్కన పలుగు పట్టిన కొడుక్కి వచ్చింది.

చెరువు కట్టాక నీళ్లు పంచడం ఇంకో విద్య, అది నీరటి చేతిలో ఉండేది. తూము ఎప్పుడు తీయాలి, ఏ మడికి ఎంతసేపు పారాలి, కరువొస్తే ఆయకట్టులో ఎంత బీడు పెట్టాలి, కట్ట ఎక్కడ చెమ్మగిల్లితే భయపడాలి, ఇవన్నీ ఆయనకు కాగితం లేకుండానే తెలుసు. బోర్లు వచ్చాక ఆయనతో పని తగ్గింది. 2015లో మిషన్ కాకతీయ మొదలై చెరువుల్లో పూడిక తీశారు, సంతోషమే, కానీ మా వైపు నీరటిని కూర్చోబెట్టి ఏమైనా అడిగినట్టు నేను వినలేదు.

పుట్టపాక మగ్గాల మీద నేసే నూనె నూలు బట్ట, తేలియా రుమాలు కూడా చూడండి. ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలో, నూనెలో నూలును రోజుల తరబడి నానబెట్టి పిసికి ఆరబెడతారు, ఆ తర్వాతే చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట నూలును దారంతో బిగించి కట్టి, రంగు అద్దడం. దానికి 2020లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. పేరుకు రక్షణ దొరికింది సరే, బూడిద నీళ్ల ఘాటు సరిపోయిందా, నూలు నూనె పట్టిందా అని తేల్చేది పక్కన కూర్చుని నేర్చుకున్న చెయ్యే. యూట్యూబ్‌లో వీడియోలు ఉండొచ్చు, మంచివే. పిల్లలు మగ్గం వదిలి హైదరాబాద్‌లో డెలివరీ ఉద్యోగాలకు పోతుంటే ఆ వీడియో చూసి నేసేదెవరు? వాళ్లనూ తప్పు పట్టలేం, మగ్గం మీద కడుపు నిండాలి కదా.

ఇక అసలు విషయం. తెలంగాణలో కవులు పూజ్యం, అంటే సున్నా, అని ఒకాయన రాస్తే, మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు తన గోలకొండ పత్రికలో ప్రకటన ఇచ్చి, ఊరూరా ఉన్నవాళ్ల పద్యాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అంతకుముందు కూడా ఆ కవులు ఉన్నారు, రాస్తున్నారు, అడిగినవాడే లేడు. అడిగింది ఒక పత్రిక అని గుర్తు చేయడానికే ఈ ఉత్తరం.

మీ జిల్లా పేజీలో వారానికి ఒక్క పెద్దమనిషికి చోటివ్వండి. నీరటి, చిటికి కట్టే అమ్మ, కిన్నెర వాయించే తాత, ఎవరైనా సరే. పేరు, ఊరు, తెలిసిన పని వాళ్ల మాటల్లోనే వేయండి, సన్మానాలు, శాలువాల ఫొటోలు వద్దు. పాఠకులే రాసి పంపుతారు. ముందు నీరట్లతో మొదలుపెడితే మంచిది, వాళ్లు బాగా పెద్దవాళ్లు. మా మండలంలో ఆ పని చేసిన ఒకాయన ఉన్నారు, మీరు సరేనంటే నేనే వెళ్లి మాట్లాడి రాసి పంపుతాను, అక్షర దోషాలు మాత్రం మీరే దిద్దుకోవాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, నల్లగొండ