ఆ నైటీ కుట్టింది నేనే

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ ఉత్తరాల పేజీలో, నైటీలతో వీధుల్లోకి వచ్చే ఆడవాళ్ల గురించి ఒక విశ్రాంత ఉద్యోగి గారు రాసింది చదివాను. పడగ్గదిలో వేసుకునే బట్టతో పాల బూతుకీ, కిరాణా కొట్టుకీ వచ్చేస్తున్నారనీ, చూసేవాళ్లకి ఇబ్బందిగా ఉందనీ, అపార్టుమెంటు సంఘాలైనా పూనుకుని కట్టడి చేయాలనీ ఆయన బాధ. ఆయన అడగకముందే, నెల కిందటే మా అపార్టుమెంటు సంఘం పూనుకుంది. ఆ తర్వాత ఏమైందో చెబుదామని ఇది రాస్తున్నాను.

నాకు 61 ఏళ్లు. తాడేపల్లిగూడెంలో 38 ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. ఇప్పుడు అపార్టుమెంటు కింద, వాచ్‌మన్ గది పక్కన ఒక చిన్న గదిలో మిషను వేసుకున్నాను. గేటు దాటి ఎవరు లోపలికొచ్చినా, బయటికెళ్లినా నా కళ్ల ముందు నుంచే. జాకెట్లే నాకు కూడు పెట్టినా, నా చేతి మీదుగా పోయిన నైటీలు కూడా వేలల్లోనే ఉంటాయి. నైటీలు ఆగిపోతే నా కుట్టుకూలి తగ్గుతుంది కాబట్టి వెనకేసుకొస్తున్నాననుకుంటే అనుకోండి, నాకేం బాధ లేదు.

నేను మొదటిసారి కుట్టిన నైటీకి నమూనా కువైట్ నుంచి వచ్చింది. అక్కడ ఇంటిపనికి వెళ్లిన మా వీధి అమ్మాయి సెలవుకి వచ్చి, తను తెచ్చుకున్నదొకటి నా చేతిలో పెట్టి, "అక్కా, మా అమ్మకి ఇలాంటిది ఒకటి కుట్టవా" అంది. కుట్లు విప్పకుండా దాన్ని పాత పేపరు మీద పరిచి గీసుకున్నాను. మీ పేపరే అయ్యుంటుంది, అప్పట్లో మా ఇంటికి వచ్చేది అదొక్కటే. వాళ్లమ్మ మొదటి ఏడు దాన్ని రాత్రి తలుపు గడియ వేశాకే తొడుక్కునేది. రెండో ఏడు అది పెరట్లోకి వచ్చింది. మూడో ఏడు వీధి కుళాయి దగ్గర చూశాను, భుజాల మీద తువ్వాలుతో.

ఆ తువ్వాలు సంగతి చెప్పాలి. నైటీ వేసుకుని గడప దాటే ఆడదాని ఒంటి మీద టర్కీ తువ్వాలో, రంగు వెలిసిన పాత చున్నీయో ఉండి తీరుతుంది. అది కొత్తగా కప్పేదేమీ ఉండదు, నైటీ అప్పటికే కప్పేసింది. అయినా వేసుకోకపోతే చేతులు ఆడవు. రెండు చేతుల్లో రెండు బిందెలు పట్టుకుని వస్తూ, తువ్వాలు కొస జారిపోతుంటే గడ్డంతో అదిమిపట్టి, మెడ వంచుకుని మెట్లెక్కేవాళ్లని ఎంతమందిని చూశానో. "నేను బయట ఉన్నానని నాకు తెలుసు లెండి" అని వీధికి చెప్పుకోవడం అది. ఆ ఉత్తరం రాసిన పెద్దాయన నైటీని చూశారు కానీ ఆ గడ్డాన్ని చూసినట్టు లేరు.

ఇక బట్ట లెక్క. చీర ఐదున్నర మీటర్లు. ఎంత ఒద్దికగా కట్టినా నడుము కనబడుతుంది, వంగి పని చేస్తే పైట జారుతుంది. నైటీకి మామూలు ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషికి 3 మీటర్లు పడుతుంది, భుజం నుంచి చీలమండ దాకా 54 అంగుళాలు. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఏమడుగుతారో తెలుసా? మెడ బాగా పైకి పెట్టమంటారు. చేతులు మోచేతి దాకా దించమంటారు. పల్చటి గుడ్డైతే ఛాతీ దగ్గర లోపల ఇంకో పొర వేయమంటారు. బాలింతలు రెండు పక్కలా జిప్పులు అడుగుతారు, అవి పైకి కనపడకుండా కుచ్చుల్లో దాచమంటారు. అందరూ అడిగేది మాత్రం జేబు. కుడి పక్క, లోతుగా, ఫోనూ తాళాలూ చిల్లరా పట్టేలా. వెనకటికి జేబు ఊసే లేదు, ఈ పదేళ్లలో జేబు లేని నైటీ నేను కుట్టలేదు. నిద్రపోయేవాళ్లకి జేబెందుకండీ?

పేరులో 'నైట్' ఉండబట్టి వచ్చిన తంటా ఇదంతా. అసలు పైజామా మాటే తీసుకోండి. పాయ్ అంటే కాలు, జామా అంటే బట్ట, పారసీ మాటలు. మన దేశంలో మగవాళ్లు పగలు శుభ్రంగా వేసుకుని తిరిగే బట్ట అది. ఇంగ్లీషువాళ్లు ఇక్కడ చూసి, పట్టుకెళ్లి, పడుకునేటప్పుడు వేసుకోవడం మొదలుపెట్టారు. వాళ్ల దేశంలో అది పడక బట్ట అయింది, మనకి ఇంకా పెళ్లి బట్టే. వాళ్ల వైపు పడక గౌను మన దగ్గరికొచ్చి పనిబట్ట అయితే తప్పేమిటో నాకు అర్థం కాదు.

మా అమ్మ సంగతి గుర్తొస్తుంది. ఆమెకి రాత్రి బట్టలని వేరే ఉండేవి కావు. పగలు కట్టి నలిగిన నేత చీరతోనే పడుకునేది. తెల్లారి అదే చీరతో లేచి వాకిలి చిమ్మి, కళ్లాపి చల్లి, ముగ్గేసి, పాలు పోయించుకునేది. వీధిలో పదిమందితో మాట్లాడేది. తొమ్మిదింటికి స్నానం చేసి చీర మార్చేది. పొద్దున్న ఐదింటి నుంచి తొమ్మిదింటి దాకా ఆమె ఒంటి మీద ఉన్నది పడుకున్న బట్టే కదా! ఏ పెద్దమనిషీ ఆ మాట అనలేదు, ఎందుకంటే అది చీర.

మాకు దగ్గర్లోనే, నిడమర్రు మండలం తోకలపల్లిలో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2018లో, అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండేది ఆ ఊరు. పొద్దున్న 7 నుంచి సాయంత్రం 7 దాకా ఆడవాళ్లు నైటీతో బయట కనబడకూడదని కుల పెద్దలు కట్టుబాటు పెట్టారు. తప్పితే 2,000 రూపాయల జరిమానా. పట్టిచ్చినవాళ్లకి 1,000 బహుమానం. నవంబరులో పేపర్లకెక్కి అధికారులు ఊళ్లోకి వెళ్లాల్సి వచ్చింది. ఆ వారం నా దగ్గరికి నైటీ కొలతలివ్వడానికొచ్చిన ఒకావిడ, "పిన్నిగారూ, రాత్రి ఏడు దాటాక వేసుకోవచ్చట, చీకట్లో కనిపించే రంగు ఉంటే చూడండి" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వెయ్యి రూపాయల కోసం పక్కింటి వాకిట్లోకి తొంగిచూసే అలవాటు ఊరికి నేర్పితే, అది నైటీతో ఆగదు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఇలాంటి కట్టుబాట్లన్నీ మగవాళ్లే పెడతారనుకోవద్దు. 2014లో నవీ ముంబై దగ్గర గోఠివలీలో పగటిపూట నైటీలకి 500 రూపాయల జరిమానా పెట్టింది మహిళా మండలే. నా కొట్టు ముందు కూర్చుని "ఈ కాలం పిల్లలు నైటీలతో రోడ్లెక్కుతున్నారమ్మా" అని మెటికలు విరిచేది కూడా ఆడవాళ్లే. ఆ మాట అన్న ఆవిడ ఒంటి మీదే అప్పుడు నైటీ ఉంటుంది, దాని మీద తువ్వాలూ ఉంటుంది. 2023 జూన్‌లో గ్రేటర్ నోయిడాలో ఒక అపార్టుమెంట్ల సంఘం ఇలాంటి నోటీసే పెడితే దేశమంతా వార్త అయింది. వాళ్లు నైటీతో పాటు లుంగీని కూడా చేర్చారు పాపం. మా సంఘానికి లుంగీ గుర్తు రాలేదు.

నాకూ హద్దులున్నాయి, దాచడం ఎందుకు. నైటీతో గుడికి బయల్దేరితే మా కోడలినైనా ఆపుతాను. పరామర్శకి వెళ్లేటప్పుడు, పిల్లల బడి మీటింగుకి వెళ్లేటప్పుడు మార్చుకోవాల్సిందే. వెలుగులోకి వస్తే లోపలిదంతా కనబడే సింథటిక్ గుడ్డ తెస్తే, "ఇది గదిలోకేనమ్మా" అని ముందే చెప్పి కుడతాను. పెద్దాయన బ్యాంకులో ఎవరినో చూశానని రాశారు. అక్కడ ఆయనతో నాకు పేచీ లేదు. పాల ప్యాకెట్టు, నీళ్ల డబ్బా, చెత్త బండి, గ్యాసు బండ, డాబా మీద ఒడియాలు, వీటికి కూడా చీర కట్టుకోమంటేనే పేచీ. చెత్త బండి మా వీధిలో ఆగేది ఎంతసేపు? కుచ్చిళ్లు సర్దుకునేలోపు వెళ్లిపోతుంది.

ఇక మా అపార్టుమెంటు. పేరు రాయను, నేను ఉండేది అక్కడే. నెల కిందట లిఫ్టు పక్కన కాగితం అంటించారు. "స్త్రీలు నైటీలతో కిందికి రారాదు, సంస్కృతిని కాపాడండి" అని. కాగితం కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. నాలుగో రోజు వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పడింది. పొద్దున్న నీళ్ల ఆటో దగ్గర నిలబడ్డ ముగ్గురు ఆడవాళ్లు. వెనక నుంచి తీశారు, ముఖాలు లేవు. కింద "వీరికి చెప్పినా అర్థం కాదు" అని రాసి, దండం పెట్టే బొమ్మ ఒకటి.

ముఖాలు లేవు కాబట్టి మర్యాదగానే చేశామని కార్యదర్శి గారు అనుకున్నట్టున్నారు. నేను చూడగానే పోల్చాను. నీలం మీద తెల్ల చుక్కల కాటన్. పన్నా తక్కువ గుడ్డ, కత్తిరించాక వెనక పట్టీ దగ్గర నాలుగు అంగుళాలు చాలలేదు. ఆ అమ్మాయి "పర్లేదు పిన్నిగారూ, వెనకేగా, ఎవరు చూస్తారు" అంటే ముదురు నీలం ముక్క అతికాను. ఫొటోలో సరిగ్గా ఆ ముక్కే కనబడుతోంది. నాతో పాటు ఆ బిల్డింగులో సగంమంది పోల్చారు, ఆ నైటీ రోజూ దండెం మీద ఆరుతుంది కదా.

మూడో అంతస్తు అమ్మాయి. మావగారు పక్షవాతంతో మంచం మీద ఉన్నారు, రెండేళ్లయింది. భర్త రాత్రి డ్యూటీ. తెల్లారి ఐదింటికి లేచి ఆయనకి పక్క మార్చి, ఒళ్లు తుడిచి, ఆ తడి చేతులతోనే నీళ్ల డబ్బా కోసం దిగుతుంది. 20 లీటర్ల డబ్బా, ఆటోవాడు హారన్ కొట్టి రెండు నిమిషాలు ఆగుతాడు. ఆ పిల్ల నైటీ జేబులో నేను చూసినవి: మావగారి మాత్రల అట్ట, దువ్వెన, ఇరవై రూపాయల నోటు, ఒక చేతి గ్లౌజు. ఆమెది పడుకుని లేచిన బట్ట అనడానికి, ఆమె పడుకున్నది ఎప్పుడో ముందు అడగాలి.

ఆ రోజు నుంచి ఆమె నీళ్లకి దిగడం మానేసింది. పదకొండేళ్ల కొడుకు దిగుతున్నాడు. డబ్బా మోయలేక లిఫ్టు దాకా నేల మీద దొర్లించుకుంటూ వెళ్తాడు. నిక్కరూ బనీనూ వేసుకుంటాడు, వాడి ఫొటో ఎవరూ తీయలేదు.

నేను కార్యదర్శి గారి ఇంటికి వెళ్లి ఆ ఫొటో తీసేయమని అడిగాను. "ముఖం లేదు కదండీ, ఎవరినీ ఉద్దేశించింది కాదు" అన్నారు. ఆయన భార్య లోపల్నుంచి మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఆకుపచ్చ నైటీ, చేతులకి లేసు, కిందటి దసరాకి నేనే కుట్టాను. గుమ్మం దాకా వచ్చి, నేను మెట్లు దిగుతుంటే "ఏమీ అనుకోకండి" అంది మెల్లగా.

2020లో చైనాలో సుజౌ అనే ఊళ్లో అధికారులు ఇలాగే, పైజామాలతో తిరుగుతున్నారని కొందరి ఫొటోలు పేర్లతో సహా ఆన్‌లైన్‌లో పెట్టి, జనం తిట్టిపోశాక క్షమాపణ చెప్పుకున్నారని మా మనవడు చదివి వినిపించాడు. మా గ్రూపులో ఫొటో ఈ ఉత్తరం రాసేనాటికి అలాగే ఉంది. లిఫ్టు పక్కన కాగితం ఉంటే ఉండనివ్వండి, ఎండకి అదే వెలిసిపోతుంది. ఫొటో మాత్రం తీసేయాలని మీ పేపరు ద్వారా అడుగుతున్నాను. కార్యదర్శి గారు మీ పేపరే చదువుతారు.

మొన్న బుధవారం ఆ అమ్మాయి చీర కట్టుకుని నా గదికి వచ్చింది. నీలం నైటీ ఉతికి మడతపెట్టి తెచ్చి, "పిన్నిగారూ, గుడ్డ ఇంకా గట్టిగానే ఉంది, మావయ్యగారికి దిండు గలేబులు కుట్టేయండి" అంది. కొలిచి చూశాను. అతికిన ముక్క తీసేసినా రెండు గలేబులు వస్తాయి, జేబు వృథా అవుతుంది. అది మిషను మీదే ఉంది, ఇంకా కత్తెర పెట్టలేదు.

ఇట్లు,
ఒక దర్జీ,
తాడేపల్లిగూడెం